తోమాగారి మామ్మ

పొద్దున్న ఏడున్నరకి జయకుమారి మిక్సీ మీట నొక్కింది. అర నిమిషం తిరిగిందో లేదో వీధి తలుపు గంట మోగింది. ఆ వారంలో అది నాలుగోసారి. జారులో కొబ్బరి సగం నలిగి సగం నలక్కుండా ఉంది. వచ్చిందెవరో తలుపు తియ్యకుండానే ఆమెకి తెలుసు.

పక్క వాటాలో ఉండే జపాన్ ఆవిడ. మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు. చెప్పులైనా వేసుకోకుండా వచ్చేసింది. నడుము దాకా వంగి లేచి, వచ్చీరాని ఇంగ్లీషులో, "క్షమించాలి. పదకొండు వరకు శబ్దం వద్దు. దయచేసి" అంది.

"పదకొండున్నరకి నేను డ్యూటీకి బయల్దేరాలండీ. మరి వంటెప్పుడు చేసుకోను?"

"క్షమించాలి" అంటూ ఆవిడ మళ్ళీ వంగింది.

జయకుమారికి చిరాకెత్తించేది అదే. ఎదుటి మనిషి గొంతు పెంచితే తనూ పెంచొచ్చు. నరసాపురంలో పుట్టి పెరిగిన మనిషికి పక్కింటావిడని ఒక మాట అనడం, ఒక మాట పడడం కొత్త కాదు. ఇలా నడుం వంచి నిలబడే మనిషిని ఏమని తిట్టాలి? తలుపేసి వచ్చి, ఆ నలగని కొబ్బరికే పోపు పెట్టింది. తిన్నంతసేపూ పంటి కింద ముక్కలు తగులుతూనే ఉన్నాయి.

ఖతర్‌లో, ఐన్ ఖాలిద్ పేటలోని ఆ విల్లాని ఓనరు మూడు వాటాలు చేసి అద్దెకిచ్చాడు. మధ్యలో లేపిన గోడలు ఎంత పల్చనంటే, అవతల దగ్గితే ఇవతల వినిపిస్తుంది. ఒక వాటాలో జయకుమారి, ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే భర్త సంజీవరావు, తొమ్మిదో తరగతి చదివే కూతురు రెజీనా ఉంటారు. మధ్య వాటాలోకి ఎనిమిది నెలల కిందట ఈ జపాన్ దంపతులు దిగారు. ఆయన గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు, తెల్లారకుండానే వెళ్ళిపోతాడు. మూడో వాటా ఖాళీ. ఆవిడ పేరు తొమోయె. సంజీవరావుకి నోరు తిరగక మొదటిరోజే తోమాగారు అనేశాడు. వాళ్ళ చర్చిలో ఆ పేరుతో ఇద్దరు మగాళ్ళున్నారు. అయినా ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది.

శుక్రవారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తింటున్నప్పుడు జయకుమారి మళ్ళీ ఎత్తుకుంది.

"కుక్కరు పెడితే వద్దు, మిక్సీ వేస్తే వద్దు, కుర్చీ లాగితే వద్దు. అసలు పొద్దున్నే తలుపులేసుకుని ఆవిడేం చేస్తుందంట?"

"ఆవిడ ఆక్టర్ మమ్మీ. నేనడిగాను" అంది రెజీనా.

"ఆక్టరా? ఆవిడా?"

రెజీనా ఫోను తీసి చూపించింది. ఎవరో అభిమానులు తయారుచేసిన చిట్టా అది. మొదట సినిమాలూ టీవీ సీరియళ్ళూ ఉన్నాయి. పిల్ల వరసగా చదువుకుంటూ పోయింది. "బస్టాపులో అమ్మాయి. శవం. నర్సు. రెండో శవం. పక్కింటి భార్య. మళ్ళీ శవం."

"ఆయ్, మంచి పాత్రలేనండోయ్" అన్నాడు సంజీవరావు.

"కింద చూడు డాడీ. ఒక్క కార్టూనే ఇరవై నాలుగేళ్ళు. అందులో మామ్మకి గొంతు ఈవిడదే. సముద్రం పక్కన ఊళ్ళో మిఠాయి కొట్టు నడిపే మామ్మ. వారం వారం వస్తుందట. జపాన్లో తెలియని పిల్లలుండరట."

జయకుమారి ఒప్పుకోలేదు. ఆక్టరంటే కనీసం పెదాలకి రంగన్నా ఉండాలి కదా అంది. అంత పేరున్న మనిషి బట్టల అల్మారాలో కూచుని పనిచేస్తుందా అంది. అల్మారా సంగతి ఆమెకి గోడ చెప్పింది. రోజూ పొద్దున్న హ్యాంగర్లు పక్కకి జరిపి, ఆవిడ లోపల కూచుని తలుపేసుకునే చప్పుడు వినిపిస్తుంది.

మర్నాడు ఆ ఆక్టరే బిస్కెట్ల పెట్టె పట్టుకుని వచ్చింది. ఈసారి చెప్పులు వేసుకుంది. జయకుమారి టీ పెట్టి కూచోబెట్టింది. ఎంత కోపంలో ఉన్నా ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఉండలేదు.

"బుధవారం ఎనిమిదింటికి చాలా ముఖ్యమైన రికార్డింగు. రెండు గంటలు. ఒక్క మామ్మే మాట్లాడుతుంది, ఇంకెవరూ ఉండరు" అని ఆవిడ మెల్లగా, మాటకి మాట వెతుక్కుంటూ చెప్పింది. "పోయిన నెల రికార్డింగులో మామ్మ వెనక కూత వినిపించింది. ఆ ఊళ్ళోకి రైలు ఎప్పుడొచ్చిందని డైరెక్టరు అడిగారు."

అది తన కుక్కరు కూత అని జయకుమారికి అర్థమై, టీ కప్పులోకి చూసింది.

"ఇంకొక్కసారి ఇలా అయితే టోక్యోలో ఉండేవాళ్ళని పెట్టుకుంటామన్నారు."

"ఇరవై నాలుగేళ్ళు చేశారు కదండీ, ఆమాత్రం ఓపిక పట్టలేరా వాళ్ళు?"

తోమాగారు బిస్కెట్ల పెట్టె ముందుకు జరిపింది.

బుధవారం తెల్లారకముందే వండేసుకుంటానని జయకుమారి మాటిచ్చింది. ఇచ్చినందుకు ఆవిడ వెళ్ళాక తనని తాను తిట్టుకుంది. ఇంకొక సంగతి మాత్రం పైకి అనలేదు. అల్ సద్‌లో ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్కులో ఆమె వినికిడి పరీక్షలు చేస్తుంది. పరీక్ష కోసం అక్కడో చిన్న గది ఉంది. జానెడు మందం తలుపు, గోడలకి లోపలంతా మెత్తటి అట్టలు. తలుపేస్తే బయట బాంబు పేలినా లోపలికి వినపడదు. ఆమె డ్యూటీ మధ్యాహ్నం పన్నెండుకి గనక పొద్దున్నంతా ఆ గదికి తాళమే. తోమాగారు మొదటిసారి గంట కొట్టిన రోజే జయకుమారికి ఆ గది గుర్తొచ్చింది. చెబితే రోజూ తీసుకెళ్ళమంటుందేమో, రిసెప్షన్లో ఉండే ఆపాని బతిమాలాలేమో, అయినా నాకెందుకొచ్చిన గొడవ అనుకుని ఊరుకుంది. ఎనిమిది నెలలుగా ఊరుకుంటూనే ఉంది.

బుధవారం ఆరుంబావుకి రెజీనా స్కూలు బస్సెక్కింది. ఏడింటికల్లా జయకుమారి వంట ముగించి, స్టవ్వు కట్టేసి, ఫోను కూడా సైలెంట్లో పెట్టి కూచుంది. ఏడుంబావుకి ఇల్లంతా అదిరింది. ఖాళీ వాటాలో ఎవరో డ్రిల్లింగు మొదలుపెట్టారు.

బయటికి పరుగెత్తేసరికి తోమాగారు అప్పటికే అక్కడ నిలబడి వంగుతోంది, లేస్తోంది. ఎదురుగా పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఫోర్‌మన్ అయోమయంగా చూస్తున్నాడు. పేరు నారాయణప్ప, అనంతపురం మనిషి.

"ఏమయ్యా, ఒక్క రెండు గంటలు ఆపుకోండి. లోపల రికార్డింగుంది" అంది జయకుమారి.

"ఎట్ల ఆపేదక్కా? బాత్రూము టైల్సన్నీ ఈ పొద్దే పగలగొట్టల్ల. ముదీర్, అదే మా మేనేజరు, పదికంతా వస్తాడు. పని కాలేదంటే నన్ను ఊరికి పంపిస్తాడు."

"ఒక్క గంట?"

"నీ కాళ్ళు మొక్కుతానక్కా, నన్నడగద్దు. పోయి ఓనరునడుగు."

ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారి కట్ చేశాడు. లోపల డ్రిల్లు మళ్ళీ గీపెట్టింది. తోమాగారు చెవులు మూసుకోలేదు, ఏడవలేదు. తెల్లని మొహంతో గోడకేసి చూస్తూ, "ముప్పావుగంట ఉంది" అంది.

జయకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఓనరు మీద, డ్రిల్లు మీద, ఇంత జరుగుతున్నా కేక వెయ్యని ఈ మనిషి మీద. అందరికంటే ఎక్కువగా తన మీద.

"మైకూ లాప్‌టాపూ తెచ్చుకోండి. యల్లా, తొందరగా! మా క్లినిక్కుకి పోదాం."

ఆ వేళప్పుడు సల్వా రోడ్డు మీద కార్లు కదలవు. ముందు సిగ్నల్ మూడుసార్లు పచ్చబడినా వీళ్ళ కారు నాలుగు గజాలే జరిగింది. జయకుమారి హారన్ మీద చెయ్యి తీయడం లేదు. పక్కన తోమాగారు ఒళ్ళో మైకు పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూచుంది.

"మామ్మ వేషం ఎలా వచ్చిందండీ మీకు?" అని జయకుమారి అడిగింది. మాట్లాడకపోతే తనకే పిచ్చెక్కేలా ఉంది.

ఆవిడ చెప్పింది. పందొమ్మిదేళ్ళకి టోక్యో వచ్చింది, నాటకాల్లో చేసింది. సినిమావాళ్ళు చూసి, ఈ మొహం ఎవరికీ గుర్తుండదన్నారు. శవాలకి అలాంటి మొహమే కావాలట. నీళ్ళలో రెండుసార్లు, మంచులో ఒకసారి పడుకుంది. తర్వాత విదేశీ సినిమాలకి గొంతిచ్చింది. ఇళ్ళల్లో వేణ్ణీళ్ళు కాగగానే "స్నానానికి సిద్ధం" అని చెప్పే మిషనుకి గొంతిచ్చింది. ఇరవై ఏడో ఏట, మామ్మకి గొంతిచ్చే పెద్దావిడకి జబ్బు చేస్తే ఒక్కరోజు కోసం పిలిచారు. ఆ ఒక్కరోజు ఇరవై నాలుగేళ్ళయింది.

"అప్పట్నించి నన్నెవరూ తెర మీదికి పిలవలేదు. ఆడిషన్‌కి వెళితే, ముందు మామ్మలా మాట్లాడు అంటారు. మాట్లాడితే నవ్వుతారు. నవ్వి పంపేస్తారు. పళ్ళ డాక్టరు నోరు తెరిపించి మామ్మలా 'ఆ' అనమన్నాడు. నా పెళ్ళిలో కూడా అడిగారు, పెళ్ళి బట్టల్లో ఉండగా."

"ఏం చేశారు?"

"మాట్లాడాను." తోమాగారు కిటికీలోంచి బయటికి చూసింది. "చాలా విసుగ్గా ఉంటుంది, జయా-సాన్. కానీ ఆమె గొంతుతో ఇంకెవరన్నా మాట్లాడితే నేను వినలేను."

క్లినిక్కులోకి అడుగుపెట్టేసరికి ఎనిమిదికి ఏడు నిమిషాలుంది. రిసెప్షన్లో తహెరున్నీసా ఉంది. పాతబస్తీ మనిషి, పదహారేళ్ళుగా ఆ క్లినిక్కుని నడిపించేది ఆమే. జయకుమారి ఆమెని ఆపా అంటుంది.

"గింత పొద్దుగాల వచ్చినవేంది? గీమె ఎవరు?"

జయకుమారి ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. తహెరున్నీసా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "డాక్టర్ సాబ్ ఆపరేషన్ల ఉన్నడు. పదకొండు దాంక రాడు. పేషెంట్ వస్తే మాత్రం పేషెంటే ముందు, సమజైందా?" అని తాళంచెవి బల్ల మీద పెట్టింది.

మైకు లోపల పెట్టి, తీగని గోడలోని రంధ్రంలోంచి బయట లాప్‌టాపుకి కలిపారు. తలుపు మూసుకోగానే తోమాగారు ఒక్కసారి కళ్ళు మూసుకోవడం గది కిటికీ అద్దంలోంచి కనిపించింది. ఎనిమిది నెలల తర్వాత ఆ మనిషి చుట్టూ మొదటిసారి నిశ్శబ్దం. జయకుమారి తల తిప్పేసుకుంది.

రికార్డింగు మొదలైంది. లోపలి మాట పరీక్ష చేసేవాళ్ళకి వినిపించడానికి జయకుమారి బల్ల మీద చిన్న స్పీకరుంటుంది. అందులోంచి వస్తున్న గొంతు విని ఆమె రెండుసార్లు అద్దంలోకి తొంగిచూసింది. కుర్చీలో ఉన్నది తోమాగారే. మాట్లాడుతున్నది ఎనభై ఏళ్ళ ముసలావిడ. బోసినోటి మాట, మోకాళ్ళ నొప్పితో లేస్తున్నప్పటి మూలుగు, మధ్యలో ఎవర్నో కసురుకోవడం. కొట్టు మూసేస్తున్న రోజు కథ అని కారులో చెప్పింది. ఖాళీ అయిన ఒక్కొక్క సీసాతోనూ మామ్మ మాట్లాడుతుందట.

తొమ్మిదిన్నరకి మరియం వచ్చింది. డెబ్బై అయిదేళ్ళ ఖతరీ పెద్దావిడ, క్లినిక్కుకి పాత పేషెంటు. చెవి మిషను ఈల వేస్తోందని డ్రైవరుని వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా వచ్చేసింది.

"జయా, ఇగ చాలు. గదిలకెళ్ళి ఆమెను బయటికి పిలువు" అంది తహెరున్నీసా.

"ఆపా, ఇంకో అరగంట..."

"ఏం చెప్పిన నీకు? పేషెంటే ముందు అన్ననా లేదా?"

ఇద్దరూ గుసగుసగా కొట్లాడుకుంటుంటే మరియం వచ్చి స్పీకరు పక్కన కుర్చీలో కూచుంది. బాగున్న చెవి దానికి దగ్గరగా పెట్టింది. వింటూ వింటూ కిసుక్కున నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, తహెరున్నీసాని అరబీలో ఏదో అడిగింది.

"లోపల ముసలామె ఎవర్ని తిడుతున్నది అంటున్నరు. నేను కూడ చనిపోయిన మా ఆయనను గిట్లనే తిడత అంటున్నరు."

బయటికి పిలవమంటారా అని తహెరున్నీసా అడిగితే మరియం చెయ్యి అడ్డంగా ఊపింది. "ఖల్లీహా, ఖల్లీహా." ఆమెని వదిలెయ్యండి, అంత పెద్ద మనిషిని తొందరపెట్టకూడదు, నేను కూచుంటాను అంది.

పది దాటాక తలుపు తెరుచుకుంది. జీన్స్ ప్యాంటులో తోమాగారు చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మరియం ఆమెని దాటి లోపలికి చూసింది. ముసలావిడ ఏదని అడిగింది. ఈమే అని తహెరున్నీసా ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. కర్ర పోటేసుకుంటూ గదిలోకి వెళ్ళి, కుర్చీ వెనకా తలుపు వెనకా చూసి, ముసలామెని ఎక్కడ దాచారని జయకుమారి మీద కోప్పడింది. జయకుమారికి అరబీ వచ్చింది కొంచెమే. "మాఫీ, మాఫీ" అని, లోపల ఎవరూ లేరన్నట్టు చేతులు తిప్పడం తప్ప ఏం చెయ్యలేకపోయింది. చెవి మిషను బాగుచేస్తున్నంతసేపూ మరియం సణుగుతూనే ఉంది.

టోక్యో నుంచి డైరెక్టరు రెండు వాక్యాలు పంపించాడు. శబ్దం శుభ్రంగా ఉంది. ఇంత బాగా మామ్మ ఎప్పుడూ మాట్లాడలేదు.

మూడు వారాల తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది. పొద్దున్న తోమాగారు గంట కొట్టినప్పుడు జయకుమారి చేతిలో తడి బట్టల బకెట్టుంది.

"నేను చప్పుడు చెయ్యట్లేదండీ!" అంది తలుపు తీస్తూనే.

"కాదు. మామ్మని వేరేవాళ్ళకి ఇచ్చారు. కొత్త సంవత్సరం నించి. ముప్పై మూడేళ్ళ అమ్మాయి. టోక్యోలో ఉంటుంది."

జయకుమారి బకెట్టు దింపింది. "అదేంటండీ? బాగుందన్నాడు కదా ఆయన!"

"బాగుంది అన్నారు. ముందే నిర్ణయం అయిపోయిందట."

"ముందే అయిపోతే మనల్ని ఆ ట్రాఫిక్‌లో ఎందుకు పరిగెత్తించినట్టు? వాళ్ళ నంబరివ్వండి. నేను మాట్లాడతా. తెలుగులోనే మాట్లాడతా, అర్థం కాకపోతే పోనీ!"

ఇంకో సంగతి కూడా ఉంది. మామ్మ పాత్రని "సంతోషంగా అప్పగిస్తున్నాను" అని అభిమానులకి నాలుగు మాటలు రాసి పంపమన్నారు. తోమాగారు రెండురోజులు కూచుని రాసింది. రెజీనా సాయంతో దాన్ని ఇంగ్లీషులో జయకుమారికి వినిపించింది. "నాకు వదలాలని లేదు. వదలమన్నారు. కొత్త అమ్మాయిని ఏమీ అనకండి" అని ఉంది అందులో. బాగుంది, ఒక్క అక్షరం మార్చొద్దు అంది జయకుమారి. అలాగే పంపింది. వారానికి స్టూడియోవాళ్ళు దాన్ని బయటపెట్టారు. "సంతోషంగా అప్పగిస్తున్నాను" అనే ఉంది. కింద తోమాగారి పేరు.

ఆ పొద్దున్న గోడ అవతల ఏదో గట్టిగా పడ్డ చప్పుడైంది. తర్వాత జపాన్ భాషలో కేక. తర్వాత ఇంకొకటి, ఇంకా పెద్దది. ఇన్ని నెలలూ వంగి వంగి క్షమాపణలు చెప్పిన మనిషి గొంతెత్తి తిడుతోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా జయకుమారి పని ఆపి, గోడకి ఆనుకుని, అయ్యేదాకా విన్నది. సంతోషమే వేసింది.

కొత్త అమ్మాయి ఫోన్ చేసింది డిసెంబరు మొదట్లో. ఆ రాతలో ఉన్నవి తోమాగారి మాటలు కావని తనకి తెలుసంది. మామ్మ ఎలా కూచుంటుందో, ఎలా లేస్తుందో, కోపమొస్తే ఎక్కడ ఊపిరి పీలుస్తుందో నేర్పుతారా అని అడిగింది. స్టూడియోవాళ్ళు పాత రికార్డింగులు విని నేర్చుకోమన్నారట.

"వద్దని చెప్పండి" అంది జయకుమారి. "లాక్కున్నవాళ్ళకి మళ్ళీ పాఠాలొకటా? మీకసలు పౌరుషం లేదా?"

"ఆ అమ్మాయి లాక్కోలేదు. నాలాగే ఒక్కరోజు పిలిచి ఉంటారు." తోమాగారు టీ కప్పు కింద పెట్టింది. "జనవరిలో మామ్మ గొంతు హఠాత్తుగా మారితే చిన్నపిల్లలకి తెలిసిపోతుంది. మామ్మకి ఏమైంది అని అడుగుతారు."

"అడగనివ్వండి. అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి."

"పిల్లలకి ఎందుకు తెలియాలి?"

జయకుమారికి ఇంకా కోపం వచ్చింది. లేచి కప్పులు సింకులో పడేసి, ఏమన్నా చేసుకోండి, నాతో మాత్రం చెప్పకండి అంది. తోమాగారు నవ్వింది. ఆవిడ పళ్ళు కనపడేలా నవ్వడం జయకుమారి అదే మొదటిసారి చూడడం.

"అన్నీ నేర్పుతాను. దగ్గు మాత్రం నేర్పను" అంది.

"దగ్గేంటి?"

"మామ్మ మాట మధ్యలో చిన్నగా దగ్గుతుంది. అది స్క్రిప్టులో లేదు. మా అమ్మమ్మ దగ్గు అది. మొదటిరోజు భయంతో అనుకోకుండా వచ్చేసింది, వాళ్ళు ఉంచేశారు. ఆ అమ్మాయి అడిగినా ఇవ్వను. ఆమె వాళ్ళ అమ్మమ్మ దగ్గు వెతుక్కోవాలి."

జయకుమారి కొళాయి కట్టేసి వెనక్కి తిరిగింది. "అదీ మాట!" అంది. "గట్టిగా చెప్పండి ఆ పిల్లకి. ఒకవేళ ఏడ్చినా ఇవ్వకండి."

"ఇవ్వను" అంది తోమాగారు. పాఠానికి టైమైందని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని తన వాటాలోకి వెళ్ళింది.